తప్పుడు రోగ నిర్ధారణతో ప్రాణం పోతే... యూఏఈలో కుటుంబం ఏం చేయాలి?

ఛాతీ నొప్పని వెళ్తే గ్యాస్ అని మాత్రలిచ్చి పంపారు. తెల్లారేసరికి మనిషి లేడు. ఇలాంటప్పుడు యూఏఈలోని మన కుటుంబాలు ముందు మృతదేహాన్ని ఊరికి పంపే పనిలో పడతాయి. వైద్యంపై అనుమానం ఉంటే అంతకంటే ముందే పోలీసులకు చెప్పండి. అంత్యక్రియలు అయిపోయాక మరణ కారణం తేల్చడం కష్టం.

నష్టపరిహారం కోసం నేరుగా కోర్టుకు వెళ్లడం కుదరదు. 2016 నాటి వైద్య బాధ్యత చట్టం ప్రకారం ముందు ఆరోగ్య అధికారులకు ఫిర్యాదు చేయాలి. దుబాయ్‌లో అయితే దుబాయ్ హెల్త్ అథారిటీ, అబుదాబిలో డిపార్ట్‌మెంట్ ఆఫ్ హెల్త్. డాక్టర్ల కమిటీ రికార్డులన్నీ పరిశీలిస్తుంది. వైద్యం సరిగ్గా చేసినా రోగం ముదిరి చనిపోవడం వేరు, తీయాల్సిన ఈసీజీ తీయకపోవడం వేరు. కమిటీ తేల్చేది ఈ తేడానే. నివేదికతో ఏకీభవించకపోతే 30 రోజుల్లో ఉన్నత కమిటీని ఆశ్రయించవచ్చు.

అందుకే రిపోర్టులు, స్కాన్లు, మందుల చీటీలు, బిల్లులు వెంటనే తీసుకుని భద్రపరచండి. భార్యాపిల్లలు ఇండియాలో ఉంటే వారసుల సర్టిఫికెట్, పవర్ ఆఫ్ అటార్నీ అటెస్టేషన్ చేయించి, అరబిక్‌లోకి అనువదించాలి. అక్కడ వైద్యులకు ఇలాంటి కేసుల బీమా తప్పనిసరి. కాబట్టి తప్పు రుజువైతే పరిహారం అందే దారి ఉంది.