వేక్‌బోర్డింగ్ మొదలుపెడుతున్నారా? బోర్డు చివర్లో కొనండి

వేక్‌బోర్డింగ్ అంటే రెండు కాళ్లూ ఒకే బోర్డుకి బిగించుకుని, స్పీడ్‌బోటు వెనక తాడు పట్టుకుని నీళ్ల మీద జారడం. బోటు వెనక లేచే అలని ‘వేక్’ అంటారు, పేరు దాన్నుంచే వచ్చింది. బోటు అక్కర్లేని కేబుల్ పార్కులు కూడా ఉన్నాయి. అక్కడ స్తంభాల మధ్య కదిలే కేబుల్ మనల్ని లాగుతుంది.

మనకెందుకు ఈ గోల అనుకోకండి. మన సీనియర్లు చాలామంది ఎమ్మెస్‌కని వెళ్లే ఊళ్లలో సరస్సులున్నాయి, సమ్మర్ వస్తే అందరూ అక్కడే ఉంటారు. డాలస్‌లో చదువుతున్న మా పిన్ని కొడుకు “ఏది కొనాలో చూసి చెప్పరా” అని నాకు లింకులు పంపాడు. అన్నీ బోర్డులే, జాకెట్ ఒక్కటీ లేదు. అన్నయ్యకి ఈత రాదు. అందుకే నేను చదివి తేల్చుకున్న వరుస ఇది: జాకెట్, హెల్మెట్, బైండింగ్స్, ఆ తర్వాతే బోర్డు.

జాకెట్

“బోర్డు తేలుతుంది కదా, అది పట్టుకుంటాం” అనుకుంటారు. కానీ ఈ ఆటకి ముందు రూపమైన స్కర్ఫర్ బోర్డు (1985) మరీ ఎక్కువ తేలడం వల్ల నీళ్లలోంచి దాని మీద లేవడం కష్టమయ్యేది. 1990లో హెర్బ్ ఓబ్రయన్ తెచ్చిన హైపర్‌లైట్ బోర్డు తేలే గుణం తగ్గించి ఆ సమస్య తీర్చింది. అంటే బోర్డు పని మనల్ని తేల్చడం కాదు. ఆ పని జాకెట్‌దే.

చాలామంది పెద్దవాళ్ల తల నీటిపైన ఉండటానికి అదనంగా 7 నుంచి 12 పౌండ్ల తేలే బలం చాలు, అంటే సుమారు 3 నుంచి 5.5 కిలోలు. డెబ్భై కిలోల మనిషికి అంతేనా అంటే, మిగతా బరువుని ఆర్కిమెడిస్ చెప్పినట్టు నీళ్లే మోస్తాయి. అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదించిన టైప్ 3 ఫోమ్ జాకెట్ కనీసం 15.5 పౌండ్లు, అంటే 7 కిలోల బలం ఇస్తుంది.

షాపులో దాని పక్కనే ‘ఇంపాక్ట్ వెస్ట్’ కూడా ఉంటుంది. పల్చగా, స్టైల్‌గా ఉంటుంది. అది పడినప్పుడు దెబ్బ తగ్గించడానికి చేసింది, చాలావాటికి కోస్ట్ గార్డ్ ఆమోదం ఉండదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి లోపలి లేబుల్ చదవాల్సిందే.

సైజు చూడటం తేలిక. జాకెట్ బిగించుకుని రెండు చేతులూ పైకెత్తండి. ఫ్రెండ్‌ని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాకా వచ్చేస్తే అది మీ సైజు కాదు.

ఒక మాట. స్పృహ తప్పిన మనిషిని టైప్ 3 జాకెట్ వెల్లకిలా తిప్పుతుందన్న గ్యారంటీ లేదు. అందుకే బోటులో డ్రైవర్ కాకుండా, మిమ్మల్నే చూస్తూ ఇంకొకరు ఉండాలి. వీలైతే ముందు ఈత నేర్చుకోండి.

హెల్మెట్

నీటి ఆటలకి చేసినదే కొనండి, సైకిల్‌ది పనికిరాదు. కేబుల్ పార్కులో ర్యాంపులు, ఇతర రైడర్లు ఉంటారు కాబట్టి అక్కడ ఇది తప్పనిసరి అనే అనుకోండి.

బైండింగ్స్

ఇవి బోర్డుకి బిగించే బూట్లు. వేళ్ల దగ్గర తెరిచి ఉండేవి కొంచెం అటూఇటూగా చాలా సైజులకి సరిపోతాయి. నలుగురు రూమ్మేట్లు కలిసి వాడాలంటే అవే మంచివి. మూసి ఉండేవి మీ పాదానికి తగ్గట్టు పట్టుకుంటాయి, కానీ ఇంకొకరికి పనికిరావు. ఏదైనా సరే, వేసుకున్నాక మడమ పైకి లేవకూడదు, పాదం తిమ్మిరెక్కకూడదు. బోర్డులన్నిటికీ స్క్రూ రంధ్రాలు ఒకేలా ఉండవు, కాబట్టి విడివిడిగా కొంటే కంపాటిబిలిటీ చెక్ చేసుకోండి.

బోర్డు

సైజు మీ ఎత్తుని బట్టి కాదు, బరువుని బట్టి చూడాలి. 60-75 కిలోల వాళ్లకి సుమారు 134-138 సెంటీమీటర్లు. కచ్చితమైన లెక్కకి ఆ కంపెనీ చార్ట్ చూడండి. రెండు సైజుల మధ్య ఊగిసలాడితే పెద్దది తీసుకోండి. నీటిని తాకే వైశాల్యం ఎక్కువ కాబట్టి తొందరగా పైకి లేస్తారు.

తర్వాత చూడాల్సింది ‘రాకర్’, అంటే పక్కనుంచి చూస్తే కనిపించే వంపు. వంపు మొత్తం ఒకే తీరుగా ఉంటే బోర్డు సాఫీగా వెళ్తుంది, ఎటు తిరుగుతుందో ముందే తెలుస్తుంది. మొదట్లో అదే కావాలి. మూడు భాగాలుగా విరిగినట్టుండే వంపు ఎత్తుకి ఎగరడానికి. అది తర్వాత చూసుకోవచ్చు. అడుగున ఫిన్స్ ఉంటే బోర్డు తిన్నగా పోతుంది, విప్పుకోగలిగేవైతే ఇంకా మంచిది. కేబుల్ పార్కులో ర్యాంపులెక్కే ఉద్దేశం ఉంటే అడుగు గట్టిగా ఉండే కేబుల్ బోర్డే కావాలి, లేదంటే త్వరగా అరిగిపోతుంది.

తాడు

బోటువాళ్లదే వాడినా సాగే తాడు వద్దని చెప్పండి. లాగుడు కుదురుగా ఉండదు, పైగా చెయ్యి వదిలేస్తే వెనక్కి తంతుంది.

నా సలహా, మొదటి రెండు మూడుసార్లు బోర్డూ బైండింగ్సూ అద్దెకి తీసుకోండి. అప్పటికి ఏ కాలు ముందు పెట్టడం మీకు నప్పుతుందో, అసలు ఈ ఆట నచ్చిందో లేదో తెలుస్తుంది. తర్వాత బోర్డు సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు, అంచుల్లో పగుళ్లు, స్క్రూ రంధ్రాలు చూసుకుంటే చాలు. జాకెట్ మాత్రం కొత్తది, మీ కొలతది, మొదటి రోజుకే మీ సొంతానిది ఉండాలి.