పెన్న దాటాల్సిన పులి, మేక, గడ్డిమోపు



ఆరోగ్య పత్రికలో పొడుపు లెక్కల గురించి రాస్తున్నామేమిటని కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. మా వార్డులో జరిగిన సంగతి చెబితే కారణం మీకే తెలుస్తుంది.

గండికోట పక్క పల్లె నుంచి ఒక అవ్వ కాలి పుండుతో మా ఆడవాళ్ల వార్డులో చేరింది. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, ఇన్సులిన్ మీద ఉంది. తోడుగా ఏడో తరగతి చదివే మనవరాలు. సాయంత్రమైతే చాలు, పక్క మంచాల వాళ్ల పిల్లలు, మా నర్సింగ్ విద్యార్థినులు ఆ మంచం చుట్టూ చేరేవారు. అవ్వ బడి ముఖం చూడలేదు గానీ, నోటి లెక్కల్లో మమ్మల్నందరినీ ఓడించేది.

"ఒకాయన పెన్న దాటాల. ఆయప్పతో ఒక పులి, ఒక మేక, ఒక గడ్డిమోపు ఉండాయి. పడవలో ఆయప్ప కాక ఇంకొకటే పడతాది. మనిషి దగ్గర లేకుంటే పులి మేకను తింటాది, మేక గడ్డిని తింటాది. ఎట్ల దాటిస్తాడు?"

పెన్నలో పడవ ఎక్కడిదవ్వా అని ఒక విద్యార్థిని నవ్వింది. నిజమే. కోట కింద లోయలో నీళ్లు కనిపించినా, జమ్మలమడుగు దగ్గర ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. అయినా లెక్క లెక్కే. మొదట మేకను దాటించాలని అందరూ చెప్పేస్తారు. తర్వాత పులిని తీసుకుపోతే అక్కడ మేక ఉంది, గడ్డిని తీసుకుపోయినా మేకే ఉంది. అక్కడే అందరూ ఆగిపోతారు. పులిని దించి, దాటించిన మేకనే మళ్లీ వెనక్కి తేవాలని ఎవరికీ తోచదు. అది తోచిందా, మిగిలింది సులువు: మేకను ఈ గట్టున దించి, గడ్డిని అవతలికి చేర్చి, ఒట్టి పడవతో వచ్చి మేకను తీసుకుపోవడమే. మొత్తం ఏడు దాటింపులు.

ఈ లెక్క మన దేశంలోనే కాదు, ఐరోపాలోనూ పాతదే. ఆల్క్విన్ అనే ఇంగ్లండు మతగురువు, 804లో చనిపోయినవాడు, పిల్లల బుద్ధికి పదును పెట్టడానికి కూర్చాడని చెప్పే లెక్కల్లో ఇది ఉంది. అక్కడ పులి బదులు తోడేలు, గడ్డి బదులు క్యాబేజీ.

మన వైపు కూడా తక్కువేమీ కాదు. సుమారు 850 ప్రాంతంలో మహావీరాచార్యులు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని, తొమ్మిది వందల ఏళ్లకు పూర్వమే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడు కొన్ని గుణకారాల జవాబులను హారాలతో పోల్చాడు. 152207ను 73తో హెచ్చవేసి చూడండి. కాలిక్యులేటర్ వద్దు, కాగితం మీదే చేయండి. ఎనిమిది ఒకట్లు పూసల్లా వరుసగా వస్తాయి.

ఇక ఆ రాత్రి సంగతి. ఎనిమిది గంటలకు మనవరాలు డ్యూటీ రూముకు పరుగెత్తుకొచ్చింది. "సిస్టరమ్మా, మా అవ్వ పులి లెక్క తప్పు చెప్తాంది. మేకనూ గడ్డినీ ఒకే గట్టున ఇడ్సమంటాంది. అట్ల కాదవ్వా అంటే నన్ను తిడతాంది" అంది. పెద్దవాళ్లు, నిద్రమత్తేమో అని చెప్పి పంపేయడం ఎంత తేలిక! ఛార్టులో బి.పి., జ్వరం, నాడి అన్నీ సరిగానే ఉన్నాయి. డ్యూటీ సిస్టర్ మాత్రం లేచి వెళ్లి ముట్టుకుని చూసింది. ఒళ్లంతా చెమట. గ్లూకోమీటరు 46 చూపించింది. ఇన్సులిన్ వేశాం, కానీ సంగటి లేదని అవ్వ ఉప్మా పళ్లాన్ని మంచం కిందికి తోసేసిన సంగతి మేము గమనించలేదు. తప్పు మాదే. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ పరీక్షించాం. అరగంటలో అవ్వ తేరుకుని, మేకను తిరుగు పడవ ఎక్కించింది.

షుగర్ ఉన్నవారి ఇళ్లలో ఇది గుర్తుంచుకోండి. 70 కంటే తగ్గితే తక్కువే. చెమట, వణుకు, ఆకలి, గుండెదడ రావచ్చు. కొందరికి వీటికంటే ముందు చిరాకు, తికమక కనిపిస్తాయి. మింగగలిగితే చక్కెర నీళ్లు ఇవ్వాలి, పావుగంటకు తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి, తర్వాత అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తేవాలి. షుగర్ లేనివారైనా సరే, నిన్నటిదాకా బాగున్న మనిషి ఈ పూట తికమక పడుతుంటే ముసలితనం అనుకోవద్దు. జ్వరం, మూత్రంలో చీము, ఒంట్లో ఉప్పు తగ్గడం, పక్షవాతం, ఏదైనా కారణం కావచ్చు.

ఇలాంటి లెక్కలు చేస్తే మతిమరుపు రాదా అని మమ్మల్ని అడుగుతుంటారు. అమెరికాలో 75 ఏళ్లు దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. చదివేవారిలో, బోర్డు ఆటలు ఆడేవారిలో, వాద్యం వాయించేవారిలో, నృత్యం చేసేవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. అయితే మెదడు మందగించడం మొదలైనవారే ముందుగా ఆట మానేసి ఉండవచ్చు కదా! కాబట్టి పులిజూదాన్ని మందు అనుకుని బి.పి. మాత్ర మానకండి. ముసలివాళ్ల పక్కన కూర్చుని ఆడేవారుంటే తేడా త్వరగా తెలుస్తుంది. అంతవరకు మేము కళ్లారా చూశాము.

పుండు మాని అవ్వ ఇంటికి వెళ్లేరోజు మా విద్యార్థినులకు ఇంకో లెక్క పెట్టింది. "గంపలో ఐదు చీనీకాయలు. ఐదుగురు పిల్లోళ్లు. తలా ఒకటి ఇయ్యాల, కోయకూడదు, గంపలో ఒకటి మిగలాల." జవాబు చెప్పవ్వా అంటే, డ్రెస్సింగుకు వచ్చే వారం వస్తాను కదా అంటూ మనవరాలి భుజం పట్టుకుని ఆటో ఎక్కింది.