ముట్లుడగడానికి ముందు: నడివయసు స్త్రీల పొత్తికడుపు నొప్పి – పదజాల పరిశీలన

వ్యాససంగ్రహం: నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి ముందు కొన్నేళ్లపాటు స్త్రీ శరీరంలో మార్పులు జరుగుతాయి. వైద్యశాస్త్రం ఈ దశను పెరిమెనోపాజ్ అంటుంది. వాడుక తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. ఈ వయసులో వచ్చే పొత్తికడుపు నొప్పిని స్త్రీలు ఏ మాటలతో చెబుతారు, ఆ మాటలు వైద్యానికి ఎక్కడ తోడ్పడతాయి, ఎక్కడ దారి తప్పిస్తాయి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ముట్లుడగడం, పెరిమెనోపాజ్, పొత్తికడుపు నొప్పి, గర్భసంచి, స్త్రీల ఆరోగ్యం, వాడుక పదజాలం.

1. ఉపోద్ఘాతం:

"వయసు వల్లేనేమోలే" అన్న మాట నలభై దాటిన స్త్రీల నోట తరచుగా వినిపిస్తుంది. పొత్తికడుపులో నొప్పి, నెలసరి ఒకసారి ఇరవై రోజులకే రావడం, మరొకసారి రెండు నెలలైనా రాకపోవడం, నడిరాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి నిద్ర చెడటం, ఇవన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి. కొందరు క్యాన్సరేమోనన్న భయాన్ని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతారు. మరికొందరు వయసేనని సరిపెట్టుకొని, చూపించుకోవలసిన జబ్బును కూడా చూపించుకోరు. ఈ రెండు స్థితులకూ ఇతర కారణాలతోపాటు భాషాపరమైన కారణం కూడా ఉందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. మొదలుకు పేర్లెన్నో:

ఆడపిల్లకు తొలి నెలసరి వచ్చినప్పుడు చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. పెద్దమనిషి కావడం, ఈడేరడం, సమర్తాడటం, రజస్వల కావడం, పుష్పవతి కావడం అంటూ ప్రాంతాన్నిబట్టి, కులాన్నిబట్టి ఎన్నో పలుకుబళ్లున్నాయి. పేర్లతోపాటు పేరంటమూ, పాటలూ, నువ్వుల చిమ్మిలీ ఉన్నాయి. అది ఆగిపోయే సందర్భానికి వాడుకలో ప్రధానంగా నిలిచింది 'ముట్లుడగడం' ఒక్కటే. 'ఉడుగు' అన్న క్రియకు తగ్గిపోవడం, మానడం, నశించడం అనే అర్థాలున్నాయి. సత్తువ ఉడిగింది, వయసుడిగింది అంటాం. ఒక సహజమైన శారీరక మార్పు ఈ క్రియ వల్ల శక్తి నశించడం అనే అర్థఛాయను మోస్తోంది. పత్రికలు వాడే 'రజోనివృత్తి', 'రుతువిరతి' అనే సంస్కృత సమాసాలకు ఈ ఛాయ లేదు కానీ అవి ఇంటి మాటలు కాలేదు.

ఈ పదాలన్నీ ముగింపును ఒక బిందువుగా చూపుతాయి. సుశ్రుతసంహిత కూడా రజస్సు పన్నెండేళ్లకు మొదలై యాభై ఏళ్లకు క్షయిస్తుందని రెండు కొసలనే చెప్పింది. ఆధునిక వైద్యం ఆ ముగింపును మరింత కచ్చితంగా నిర్వచిస్తుంది. గర్భం, పాలివ్వడం, మందులు వంటి వేరే కారణమేదీ లేకుండా వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. భారతీయ స్త్రీలలో ఇది సగటున 46, 47 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. దానికి ముందు కొన్నేళ్లు అండాశయాల పని ఒక తీరున సాగదు. ఈస్ట్రోజెన్ మెట్లు దిగినట్టు క్రమంగా తగ్గదు. కొన్ని నెలల్లో మామూలుకన్నా పెరుగుతుంది, కొన్ని నెలల్లో పడిపోతుంది. 2012లో అంతర్జాతీయ నిపుణులు సవరించిన దశల విభజన ప్రకారం, రెండు వరుస ఋతుచక్రాల నిడివిలో 7 రోజులు లేదా అంతకుమించి తేడా మళ్లీమళ్లీ కనిపిస్తే ఈ పరివర్తన మొదలైనట్టు. 60 రోజులు లేదా అంతకన్నా ఎక్కువకాలం నెలసరి రాని విరామాలు వస్తుంటే చివరి దశకు చేరినట్టు. మన మాటల్లో చోటు దొరకనిది సరిగ్గా ఈ మధ్యకాలానికే.

3. 'నెల తప్పడం', 'వేడి చేయడం':

పేరు లేని అనుభవం పాత పేర్లలో తలదాచుకుంటుంది. నలభై ఆరేళ్ల స్త్రీకి ఒక నెల నెలసరి రాలేదనుకుందాం. ఆమె ఏమని చెప్పాలి? 'నెల తప్పింది' అంటే తెలుగులో గర్భమనే అర్థం. ఎదిగిన పిల్లలున్న ఇంట్లో ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాదు. కనుక అసలు చెప్పడమే మానేస్తుంది. ఇందులో మరో చిక్కుంది. 12 నెలలు పూర్తయ్యేవరకు గర్భం వచ్చే అవకాశం తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. పలుకుబడి తెచ్చిన సిగ్గు వల్ల అవసరమైన ఒక చిన్న పరీక్ష కూడా వెనకబడుతుంది.

అలాగే ముఖం, మెడ, ఛాతీ ఒక్కసారిగా వేడెక్కి చెమటలు పట్టే స్థితిని ఆవిర్లు అని కొందరు అంటారు. ఎక్కువమంది 'వేడి చేసింది' అంటారు. వేడి చేయడం ఆహారానికి సంబంధించిన భావన కాబట్టి దానికి మజ్జిగ, సబ్జా గింజలే మందులవుతాయి. వాటివల్ల హాని లేదు. అయితే నెలసరి క్రమం తప్పడానికీ ఈ వేడికీ ఉన్న సంబంధం మరుగున పడిపోతుంది.

4. నొప్పిని చెప్పే క్రియలు:

పొత్తికడుపు నొప్పి విషయంలో తెలుగు నామవాచకాలు పేదవి, క్రియలు సంపన్నమైనవి. 'కడుపు' అన్న మాట జీర్ణాశయానికీ, పేగులకూ, గర్భానికీ కూడా చెల్లుతుంది. కటి, శ్రోణి వంటి పదాలు పాఠ్యపుస్తకాల్లో ఎముకల పేర్లుగా, ప్రబంధాల్లో నాయిక అందచందాలుగా మిగిలాయి. (మన కావ్యపాఠాల్లో ఈ అవయవాలు ఎన్నడూ నొప్పి పెట్టవు!) గర్భాశయం, అండాశయాలు, మూత్రాశయం, పెద్దపేగు, కటి అడుగు కండరాలు అన్నీ పక్కపక్కనే ఉండే ఆ చోటును స్త్రీ 'పొత్తికడుపు' అని చేత్తో చూపిస్తుంది.

అయితే ఆమె వాడే క్రియను శ్రద్ధగా వింటే చాలా తెలుస్తుంది. నెలసరి రోజుల్లో మెలిపెట్టినట్టుండి, రక్తస్రావం కూడా ఎక్కువైతే గర్భాశయ గోడలో మార్పులనో, గడ్డలనో అనుమానించవచ్చు. బరువుగా, ఏదో కిందికి జారుతున్నట్టుంటే గర్భసంచి జారడం కావచ్చు. మూత్రానికి వెళ్లినప్పుడు మండితే మూత్రకోశ ఇన్ఫెక్షన్ వైపు, విరేచనమైతే తగ్గే నొప్పి పేగుల వైపు చూపుతుంది. ఒక పక్కన ఉన్నట్టుండి పొడిచినట్టు మొదలై వాంతులతో కూడిన నొప్పి అండాశయం మెలిపడటం వల్ల కావచ్చు. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. ఇవి సూచనలే తప్ప నిర్ధారణలు కావు. పరీక్షతో, అవసరమైతే స్కానింగుతో తేలవలసినవి.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసిన అంశం ఒకటుంది. పొత్తికడుపు నొప్పి పెరిమెనోపాజ్‌కు ప్రధాన లక్షణం కాదు. హార్మోన్ల ఎగుడుదిగుళ్ల వల్ల నెలసరి నొప్పులు ఎక్కువ కావచ్చు. హార్మోన్లపై ఆధారపడే గర్భాశయ గడ్డలు, ఎండోమెట్రియోసిస్ వంటివి ఈ వయసులో బాధించవచ్చు. కానీ నెలల తరబడి విడవని నొప్పిని 'వయసు' ఖాతాలో వేయడం పొరపాటు. కడుపుబ్బరం వారాలపాటు తగ్గకపోయినా, కలయిక తర్వాత రక్తం కనిపించినా, 12 నెలలు ఆగిన తర్వాత ఒక్క చుక్క మళ్లీ కనిపించినా వెంటనే వైద్యులకు చూపించుకోవాలి. అలా కనిపించినదల్లా క్యాన్సర్ కాదు. చాలా సందర్భాల్లో కారణం సామాన్యమైనదే. ఆ సంగతి పరీక్ష తర్వాత తెలియవలసినది, ముందే అనుకోవలసినది కాదు.

5. గర్భసంచి మీద పడే నింద:

నొప్పికి సరైన పేరు దొరకనప్పుడు తెలుగు నేలమీద ఆ నింద తేలికగా గర్భసంచి మీద పడుతుంది. 'గర్భసంచి పాడైంది', 'పుండు పడింది', 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు' అన్న మాటలు ఊళ్లలో వింటూనే ఉంటాం. 'సంచి' అన్న మాటే ఖాళీ అయ్యాక పారేయగల వస్తువును స్ఫురింపజేస్తుంది. ఈ పదచిత్రం ఎంత ప్రభావం చూపిందో కొలవలేం కానీ ఫలితాలు లెక్కల్లో ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2 శాతం. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసర గర్భసంచి ఆపరేషన్ల నివారణకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషన్ తప్పనిసరైన సందర్భాలు లేకపోలేదు. కానీ మూత్రాశయం నుంచో పేగుల నుంచో వచ్చే నొప్పి గర్భసంచి తీస్తే పోదు. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఒక్కరోజులో వచ్చిపడుతుంది. ఎముకలు త్వరగా బలహీనపడతాయి. అండాశయాలను ఉంచినా అది కాస్త ముందుగా రావచ్చు. పైగా నెలసరే లేకపోవడంతో ఆ మార్పు ఎప్పుడు మొదలైందో గుర్తించే ఆనవాలు పోతుంది.

గత ఏడాది ఇలాంటి నొప్పితోనే నేను వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. తేదీలు, ఎన్ని రోజులు, ఎలాంటి నొప్పి అని ఆమె అడిగినవాటికి డైరీ చూసి చెప్పగలిగాను. తర్వాత, "మీ అమ్మగారికి ఏ వయసులో ఆగిపోయాయి?" అని అడిగారు. తల్లికి ఆగిన వయసును బట్టి కూతురి విషయంలో కొంత అంచనా వేయవచ్చట. నా దగ్గర సమాధానం లేదు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడే, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, అమ్మకు గర్భసంచి తీసేశారు. ఎందుకు తీశారని ఇంటికొచ్చాక అడిగితే, "కడుపులో నొప్పి అన్నానమ్మా, అంతే" అంది.