‘బృందం’ అంటే ఎవరు?

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఒక తప్పు ఒప్పుకుని ఈ ప్రసంగం మొదలుపెడతాను. తప్పు నాదే. కొన్నేళ్ల కిందట జానపద కథ చెప్పే జట్టు ఒకటి రికార్డింగుకు వచ్చింది. కథ చెప్పేది పెద్దాయన. తాళం వేస్తూ వంత పాడింది ఆయన భార్య, మరదలు. వాళ్ల గొంతులు లేకపోతే ఆ కథకు ప్రాణం లేదు. కాగితం మీద మాత్రం నేను పెద్దాయన పేరు రాసి, పక్కన ‘బృందం’ అని పెట్టాను. వాళ్లు వెళ్లేటప్పుడు, “నీ పేరేందవ్వా?” అని మాటవరసకు అడిగాను. “నా పేరెందుకు బిడ్డా, ఆయన పేరు రాసుకున్నవ్ గద” అని ఆమె నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

మొన్న మా అమ్మాయి కాలేజీలో జానపద కళల మీద వ్యాసం రాయవలసి వచ్చి, సెల్‌ఫోనులో వికీపీడియా తెరిచింది. కళల పేర్లు దొరికాయి. పాడిన ఆడవాళ్ల పేర్లు వెతికి వెతికి విసిగిపోయింది. “అమ్మా, మన దిక్కు ఆడవాళ్లు పాడలేదా?” అని అడిగింది. పాడారు తల్లీ, పేరు రాసినవాళ్లు లేరు. రాయని వాళ్లలో మీ అమ్మ కూడా ఒకతి.

ఇంతకీ వికీపీడియా అంటే ఏమిటి? లోకంలోని సంగతులన్నీ ఒకచోట కూర్చిన పుస్తకాన్ని విజ్ఞాన సర్వస్వం అంటారు. తెలుగులో కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు ఆ పనికి పూనుకుని, ఎంతో శ్రమపడి, 1923లో కన్నుమూశారు. మూడు సంపుటాలతోనే ఆ మహాయజ్ఞం ఆగింది. ఒక్క మనిషి మోయలేని ఆ బరువును ఇప్పుడు వేలమంది తలా ఒక చెయ్యి వేసి మోస్తున్నారు. అదే వికీపీడియా. ఇంగ్లీషులో 2001లో, తెలుగులో 2003 డిసెంబరులో మొదలయింది. రాసేవాళ్లకు జీతం లేదు. ఎవరైనా రాయవచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్దవచ్చు. నాటకరంగ పరిశోధకులు ప్రణయ్‌రాజ్ వంగరి 2016లో మొదలుపెట్టి రోజుకొక వ్యాసం చొప్పున ఏళ్ల తరబడి రాస్తూ వచ్చారు. పత్రికలవాళ్లు, పాఠాలు రాసేవాళ్లు, సన్మానానికి పేర్లు వెతికేవాళ్లు కూడా ముందు తెరిచేది ఆ పేజీలనే.

అయితే ఎవరైనా రాయవచ్చునంటే ఏదైనా రాయవచ్చునని కాదు. రాసిన సంగతికి సాక్ష్యం చూపాలి. సంబంధం లేని వాళ్లు రాసిన పుస్తకమో, పత్రికలో వచ్చిన వ్యాసమో ఉండాలి. పెళ్లిలో కట్నాలు రాసే నోటుబుక్కు చూశారు కదా! చేతిలో పెట్టినది ఎంతైనా, బుక్కులో ఎక్కకపోతే ఇచ్చినట్టు లెక్క లేదు. ఈ నియమం చెడ్డది కాదు. అది లేకపోతే ఎవరి గొప్పలు వాళ్లు రాసుకుంటారు. కానీ దీని దెబ్బ ఎవరికి తగులుతుంది? అచ్చుకు ఎక్కని వాళ్లకు. అంటే పేదలకు, గిరిజనులకు, ఊరి చివర బతికే కులాల కళాకారులకు, అందరికంటే ముందు వాళ్ల ఇళ్ల ఆడవాళ్లకు.

మన కరీంనగర్ ప్రాంతంలో, వేములవాడ దగ్గర హనుమాజీపేట అనే ఊరుంది. జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న డాక్టర్ సి. నారాయణరెడ్డిగారిది ఆ ఊరే. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుగారిదీ ఆ ఊరే. ఒకరిది కలం, ఒకరిది గొంతు. కలం రాసినది పుస్తకమై అలమారలో ఉంటుంది. గొంతు పాడినది తెల్లవారేసరికి గాలిలో కలుస్తుంది. రాములుగారు 2010లో పోయారు. ఆయన అదృష్టవంతులు, పత్రికలు రాశాయి, పేరు నిలిచింది. అంతటి పేరు రాని వాళ్ల సంగతి ఆలోచించండి.

ఆదిలాబాదు వైపు వెళదాం. మార్లవాయి గ్రామానికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. దానితో ఆయన గురించి దేశమంతా రాశారు. 2024లో ఆయన పోయినా, పేరు పోలేదు. ఆ అడవి పల్లెల్లోనే తోటి తెగ ఆడవాళ్లు తరతరాలుగా పచ్చబొట్లు పొడుస్తున్నారు. మనిషి ఒంటి మీద చెరగని రాత రాసే చేతులవి. ఆ చేతులు ఎవరివో అచ్చులో చూడడం మాత్రం అరుదు. కరీంనగర్ వెండితీగ పనికి 2007లో, ఆదిలాబాదు డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ గుర్తింపులో ఊరి పేరుంటుంది, మైనం అచ్చు మలిచిన మనిషి పేరుండదు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. కెనడాకు చెందిన డోనా స్ట్రిక్‌లాండ్ అనే శాస్త్రవేత్తకు 2018 అక్టోబరులో నోబెల్ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం ఒకరు ఆమె మీద వ్యాసం రాస్తే, సాక్ష్యాలు చాలవని మే నెలలో ఇంగ్లీషు వికీపీడియాలో తిప్పికొట్టారు. అంతటి చదువరికే అట్లాగైతే, మన వంత పాడే అవ్వ సంగతి చెప్పాలా! 2015లో కొందరు స్వచ్ఛంద రచయితలు జట్టుకట్టి స్త్రీల జీవితచరిత్రలు రాయడం మొదలుపెట్టారు. అప్పుడు ఇంగ్లీషులో నూటికి పదిహేను మంది స్త్రీలుంటే, ఇప్పుడు ఇరవై దాకా వచ్చారు. 2011లో మన దేశంలోనూ, దక్షిణాఫ్రికాలోనూ కొందరు పెద్దల నోటి మాట రికార్డు చేసి దాన్నే సాక్ష్యంగా నిలబెట్టి చూశారు. మంచి ప్రయత్నమే గానీ, అచ్చు మీద ఉన్న పట్టు ఇంకా సడలలేదు.

మరి వంటింట్లో ఉన్న మనం ఏం చేయగలం? చాలా చేయగలం. ఊళ్లో పాట విన్నప్పుడు పాడినావిడ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ ఏట మొదలుపెట్టిందో ఒక నోటుబుక్కులో రాయండి. అది వికీపీడియాకు చాలదు, తెలుసు. దాన్ని జిల్లా పత్రిక విలేకరికి చూపండి, కాలేజీ తెలుగు పంతులమ్మకు చెప్పండి. గుడి ఉత్సవం కరపత్రంలో, సభ ఆహ్వానపత్రంలో అందరి పేర్లూ వేయించండి. ఒక విలేకరి సరిగా రాస్తే, రేపు ఏ పట్నంలోనో కూర్చున్న స్వచ్ఛంద రచయితకు అదే మెట్టు అవుతుంది. ఫోటో తీస్తే ఆమెను అడిగి తీయండి, నలుగురూ చూసేచోట పెడతామని ముందే చెప్పండి. మీరే రాయదలిస్తే పొగడ్తలు వద్దు, జరిగినది చాలు. సొంత మేనమామ గురించి మాత్రం రాయకండి, మనవాళ్ల మీద మనకు మమకారం ఎక్కువ!

ఆ పెద్దాయన బృందం నాకు మళ్లీ తటస్థపడలేదు. ఆ రోజు ఒక్క నిమిషం ఆగి, “నీ గొంతుకు నీ పేరే కావాలె అవ్వా” అని ఉంటే, రెండు పేర్లు నా కాగితం మీద ఉండేవి. ఇప్పుడు ఎవరు రికార్డింగుకు వచ్చినా, తాళం వేసే పిల్లదాకా అందరి పేర్లూ అడిగి రాస్తున్నాను. చదవడానికి అర నిమిషం ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.

సెలవు.