రాక్స్‌బర్గ్ పుట్టిందెప్పుడు?

మాది సామర్లకోట దగ్గర పల్లె. అమెరికా వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా, ఊరి ఊసెత్తితే విలియం రాక్స్‌బర్గ్ పేరు చెప్పకుండా ఉండలేను. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, 1781 నుంచి సామర్లకోటలో ఉండి, మిరియాల తోట వేసి, మన మొక్కల్ని ప్రపంచానికి పరిచయం చేసిన స్కాట్లండు వాడాయన. మా ఆదివారం తెలుగు బడిలో పిల్లలకి ఆయన కథ చెబుతూ "1759లో పుట్టాడు" అన్నాను. అంతకుముందు మా సంఘం సంచికలోనూ అలాగే రాశాను.

ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి మరుసటి వారం వచ్చి, "అంకుల్, లైబ్రరీ కేటలాగులో 1751 అని ఉంది. ఏది కరెక్టు?" అంది. ఎనిమిదేళ్ళ తేడాకి ఇంత రాద్ధాంతమా అనబోయి ఆగిపోయాను.

ఇంటికొచ్చి వెతికాను. 1759 అన్న పుస్తకాలు మూడు దొరికాయి. సంతోషించేలోపే అనుమానం వచ్చింది. మూడింటిలోనూ కథ ఒకటే, వాక్యాలూ దాదాపు అవే: పదిహేడో ఏట ఓడ మీద వైద్యుడి సహాయకుడు, రెండు సముద్రయానాలు, ఇరవై ఒకటో ఏట మద్రాసు. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారు. అంటే నాకున్నది ముగ్గురు సాక్షులు కాదు, ఒక్కడే.

ఇక లెక్క చూడండి. ఆయన మద్రాసులో కంపెనీ అసిస్టెంటు సర్జనుగా చేరింది 1776లో. 1759లో పుట్టి ఉంటే అప్పటికి పదిహేడేళ్ళే. మరి ఆ రెండు సముద్రయానాలు ఎప్పుడు చేసినట్టు? 1751 అయితే పాతికేళ్ళవాడు, చోటుంది. ఈ లెక్క 1751ని రుజువు చేయదు కానీ, నేను చెప్పిన కథని మాత్రం పడగొట్టింది. 1787 మే తుఫానులో ఆయన పుస్తకాలు, కాగితాలు పోయాయి కాబట్టి తొలినాళ్ళ గురించి మరీ జాగ్రత్తగా ఉండాలి.

"భారత వృక్షశాస్త్ర పితామహుడు" అన్న బిరుదు కూడా నేను ధారాళంగా వాడేవాణ్ణి. అది పొగడ్త, ఆధారం కాదు. ఆయనకంటే ముందే ఇక్కడ మొక్కలు సేకరించిన కోనిగ్ 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు.

ఎవరో రాసిన జీవితచరిత్రల కంటే ఆయన సొంత పుస్తకం నయమనిపించింది. కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాలు, 300 బొమ్మలు. మొదటిది 1795లో లండన్‌లో వెలువడింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో ఉచితంగా చూడొచ్చు. మొక్కల పేర్ల పక్కన "తెలింగ"ల పేర్లు ఇచ్చాడు. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టు అలా అక్కడికెక్కింది. తర్వాత 1830లో ఆ తెలుగు మాటే సోయ్‌మిడా అని శాస్త్రీయనామంలో స్థిరపడింది. అది చదువుతుంటే కళ్ళు చెమర్చాయి, దాచడమెందుకు!

ఆ బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులే. వాళ్ళ పేర్లు మాత్రం పుస్తకంలో లేవు. పుట్టిన ఏడు గురించి వాదించుకునే భాగ్యం కూడా వాళ్ళకి దక్కలేదు.

తరగతిలో నా తప్పు ఒప్పుకుని, బోర్డు మీద 1759 చెరిపేశాను. ఆ అమ్మాయి ఇప్పుడు బొమ్మలు వేసిందెవరని అడుగుతోంది.