ఆ చేష్టలు ఎవరు చేయిస్తున్నారు?

సీతంపేట కొండల్లో ఒక ఆడపిల్ల కొన్నాళ్లు నిద్ర లేక, పొంతన లేని మాటలాడి, ఆపై పెదాలు చప్పరిస్తూ, నాలుక చాపుతూ, చేతులు మెలితిప్పుకుంటూ ఉంటే ఇంటివాళ్లకు ముందు తోచేది చిల్లంగి, అంటే చేతబడి. డాక్టరుకు ముందు తోచాల్సింది మలేరియా. ఫాల్సిపారం రకం మలేరియా మెదడుకెక్కితే ప్రాణం మీదికొస్తుంది, రక్తపరీక్ష నిమిషాల్లో తేలుతుంది. అదీ కాదు, నడుము నీటి పరీక్షలో వైరస్ మెదడువాపూ కాదంటే, అప్పుడు ఆటోఇమ్యూన్ మెదడువాపును అనుమానించాలి.

ఎందుకిలా?

ఈ మెదడువాపుల్లో ఒక రకంలో, ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే మెదడు కణాల మీదున్న ఎన్‌ఎండీఏ గ్రాహకాలకు అతుక్కుని, వాటిని కణం లోపలికి లాగేయిస్తాయి. నరాల వైద్యుడు దల్మావ్ బృందం 2007లో ఈ రకాన్ని గుర్తించింది. కొందరు ఆడవాళ్లలో అండాశయంలోని టెరటోమా గడ్డ దీనికి మూలం. అందుకే కడుపు స్కానింగు కూడా తీయాలి. యాంటీబాడీలు తగ్గితే గ్రాహకాలు తిరిగొస్తాయి. ఈ జబ్బున్న 577 మందిని పరిశీలించిన 2013 నాటి అధ్యయనంలో, రెండేళ్ల దాకా చూసినవారిలో 81 శాతం మంది బాగా కోలుకున్నారు.

ఈ కదలికలు ఫిట్సా?

కొన్ని అవును, చాలావరకు కాదు. కదలిక జరుగుతుండగా తీసిన ఈఈజీయే తేలుస్తుంది. కాదని తేలాక కూడా ఫిట్స్ మందులు పెంచుకుంటూ పోతే మిగిలేది మత్తే.

ఎలా తగ్గించాలి?

మూలానికి మందు పడాలి: ఐదు రోజులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్, ఇమ్యూనోగ్లోబ్యులిన్ లేదా ప్లాస్మా మార్పిడి, గడ్డ ఉంటే ఆపరేషను. చాలకపోతే రిటుక్సిమాబ్. యాంటీబాడీ ఫలితం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈలోగా కదలికలకు క్లోనజెపామ్, లోరజెపామ్. మెలికలు ఎక్కువైతే ట్రైహెక్సీఫెనిడిల్, గంతులేసే కదలికలకు టెట్రాబెనజిన్, అన్నీ కొద్ది మోతాదులతో మొదలుపెట్టి, ఊపిరి కనిపెట్టుకుంటూ. పిచ్చి అనుకుని హాలోపెరిడాల్ ఇంజక్షన్ ఇవ్వడమంటేనే నాకు భయం. బిగుసుకుపోవడం, విపరీతమైన జ్వరం రావచ్చు. అప్పుడది జబ్బా మందా అన్నది ఎవరూ చెప్పలేరు.

ఇంటివాళ్లేం చేయాలి?

కట్టేయకండి, పళ్ల మధ్య చెంచా పెట్టకండి. మంచం అంచులకు బొంతలు చుట్టండి. మింగలేకపోతే నోట్లో గంజి పోయకండి. సీతంపేట ఏరియా ఆసుపత్రి నుంచి శ్రీకాకుళానికో, నరాల వైద్యులుండే విశాఖ కేజీహెచ్‌కో పంపేలోగా ఆ కదలికల్ని ఫోన్లో వీడియో తీయండి, నిద్రలో ఉన్నప్పుడు కూడా. డాక్టరుకు ఎన్ని మాటలు చెప్పినా అది చూపినంత తెలియదు.