మడిగె నుండి చేతి ఫోన్ దాకా: మారుతున్న మన వ్యాపారం

వ్యాపారం నిలబడాలంటే మూడు కావాలి: మంచి సరుకు, మంచి జాగా, మంచి మాట. వీటిలో ‘జాగా’ అనే మాటకు గత పదేళ్లలో అర్థం మారిపోయింది. ఒకప్పుడు మన చెన్నూరులో బస్టాండు దగ్గరో, పెద్ద రోడ్డు మీదో ఒక మడిగె దొరికితే సగం గిరాకీ దొరికినట్లే. నేడు సందులోని ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టే మహిళ కూడా మంచిర్యాల నుండి, మందమర్రి నుండి ఆర్డర్లు తెచ్చుకోగలదు. ఆమెకు మడిగె లేదు, బోర్డు లేదు. చేతిలో ఒక ఫోన్ ఉంది, అంతే. ఒక కుట్టుమిషనుతోనో, తోపుడుబండితోనో బతుకు మొదలుపెట్టే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. వారికి ఈ మార్పు తెలియడం నేడు అక్షరజ్ఞానమంత అవసరమని మేము భావిస్తున్నాము.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. 2016 ఏప్రిల్‌లో యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి. అదే సంవత్సరం సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్ చౌక అయింది. నవంబరులో పెద్ద నోట్ల రద్దు జరిగి, చిన్న వ్యాపారి కూడా ఫోన్‌లో డబ్బు తీసుకోవడం నేర్చుకోవలసి వచ్చింది. 2018 జనవరిలో చిన్న వ్యాపారుల కోసమే వాట్సాప్ బిజినెస్ వచ్చింది. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి దుకాణాల తలుపులు మూసినప్పుడు, ఫోన్ తలుపు తెరిచి ఉన్నవారికే కొంత బేరం సాగింది.

మరి మన వ్యాపారులు ఈ సాధనాలను ఎలా వాడుకుంటున్నారు? బట్టల దుకాణం వారు కొత్త సరుకు రాగానే ఫోటోలు తీసి స్టేటస్‌లో పెడుతున్నారు. దుబాయిలోనో, సౌదీలోనో పనిచేసే కొడుకు చెల్లెలి పెళ్లి బట్టలను వీడియో కాల్‌లో చూసి ఎంపిక చేస్తున్నాడు. కిరాణం దుకాణాల్లో సామాను చిట్టీ వాట్సాప్‌లో వస్తోంది. రాయడం రాని వారు గొంతుతోనే చెప్పి పంపుతున్నారు. రంజాన్ మాసంలో ఇంట్లో వంటలు చేసి అమ్మేవారు జొహర్ లోపే ఆర్డర్లు తీసుకుని, ఎంత కావాలో అంతే వండుతున్నారు. వృథా తగ్గింది, పెట్టుబడి మునిగే భయమూ తగ్గింది.

మన ఉత్తర తెలంగాణలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి అనే చిన్న పల్లె నుండి శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ అనే యూట్యూబ్ ఛానెల్ మొదలుపెట్టారు. పొలం పనులు చేసుకునే గంగవ్వ అందులో నటించి తెలుగువారందరికీ తెలిసిన మనిషి అయ్యారు. 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్‌లో కూడా పాల్గొన్నారు. వారు మాట్లాడింది మన ఊరి భాష, చూపింది మన ఇళ్లు, మన పొలాలు. ఒకప్పుడు పత్రికకో, టీవీకో మాత్రమే ప్రకటన ఇచ్చే వ్యాపార సంస్థలు ఇప్పుడు ఇలాంటి పల్లె ఛానెళ్లను కూడా వెతుక్కుంటూ వస్తున్నాయి. జనం నమ్మే గొంతు ఎక్కడ ఉంటే ప్రకటన అక్కడికే చేరుతుంది.

అయితే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీ మన సొంత ఇల్లు కాదు, కిరాయి ఇల్లు. ఎవరి వీడియో ఎవరికి చూపాలో ఆ కంపెనీ లెక్కలే నిర్ణయిస్తాయి. జనం ఎక్కువసేపు చూసినది ఇంకా ఎక్కువ మందికి వెళుతుంది. తక్కువ చూసినది మరుగున పడుతుంది. అప్పుడు డబ్బు కట్టి ప్రచారం చేసుకోమంటారు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు, లక్షల మంది అభిమానులను కూడగట్టుకున్నవారు ఒక్కరోజులో అందరినీ పోగొట్టుకున్నారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతటా ఆగిపోయాయి. కాబట్టి గిరాకీదారుల పేర్లు, నంబర్లు ఒక నోటుబుక్కులో కూడా రాసి ఉంచుకోవాలి.

రెండవది మోసం. డబ్బు పంపినట్లు దొంగ స్క్రీన్‌షాట్ చూపి సరుకు తీసుకుపోయేవారు ఉన్నారు. ఖాతాలో జమ అయిందో లేదో చూసుకోకుండా సరుకు ఇవ్వరాదు. ‘డబ్బు పంపుతాము, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటే అది మోసమే. డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం ఉండదు. మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

మూడవది నిజాయితీ. తూకంలో తగ్గించడం ఎంత తప్పో, ఫోటోలో రంగు పెంచి చూపడం, బంధువుల చేత పొగడ్తలు రాయించడం కూడా అంతే తప్పు. అబద్ధపు సమీక్షలను 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు నిషేధించాయి. డబ్బు తీసుకుని చేసే ప్రచారాన్ని ప్రచారమని స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. కొనేవారు అన్యాయం జరిగితే 1915కి ఫిర్యాదు చేయవచ్చు. ఇంట్లో వండి అమ్మేవారు ఆహార భద్రతా సంస్థ వద్ద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

ఇంటి నుండి పనిచేసే మన అక్కాచెల్లెళ్లకు మరో మాట. వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకోండి. ముఖం చూపనవసరం లేదు. సరుకును పగటి వెలుతురులో ఫోటో తీసి, కొలత, ధర, ఇచ్చే తేదీ రాస్తే చాలు. ‘ధరకు మెసేజ్ చేయండి’ అని దాచితే కొనేవారికి అనుమానం వస్తుంది.

ఫోన్ రాని పాత దుకాణదారుల సంగతేమిటి? పెద్ద కంపెనీలు ధర తగ్గించగలవు. కానీ మాట నమ్మి నెలాఖరుదాకా ఉద్దెర ఇవ్వలేవు. కొలత కుదరని జాకెట్‌ను సాయంత్రానికి సరిచేసి ఇవ్వలేవు. ఇంటిల్లిపాదినీ పేరు పెట్టి పిలిచి పలకరించలేవు. ఆ బలాన్ని వదులుకోకుండా ఫోన్‌ను తోడు చేసుకోవాలి. మా బడి పిల్లలు రీల్స్ చేయడంలో మాకంటే ఎంతో ముందున్నారు. తల్లిదండ్రులారా, వారిని రోజుకు అరగంట మీ దుకాణం పక్కన కూర్చోబెట్టుకోండి. సరుకు గురించి నాలుగు నిజమైన మాటలు తప్పుల్లేని తెలుగులో, ఉర్దూలో రాయించండి. మీకు ఫోన్ వస్తుంది, వారికి వ్యాపారం వస్తుంది.